వెనకగాలి చప్పుడు చెయ్యదు

మృగశిర కార్తె. తెల్లారుజాము మూడున్నర.
ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ కొట్టు ఇంకా తెరవలేదు.
మాలకొండయ్య జేబులోంచి ఒక దూదిపింజ తీసి
వీధిలైటు కింద వదిలాడు.
అది ఒంగోలు వైపు పోయింది.
"పొయ్యేటప్పుడు మోసకపోతాది అబ్బయ్యా,
వచ్చేటప్పుడు చూసుకుందాం."

ఆయన బిట్రగుంట రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాడు.
నేను కరెంటాఫీసులో బిల్లులు లెక్కేసేవాణ్ణి.
పోనూ రానూ రెండొందల యాభై కిలోమీటర్లు.
రెండు సైకిళ్ళు, నాలుగు అరటిపళ్ళు.

కొడవలూరు దాటాక
నా కాళ్ళు నా కాళ్ళలా లేవు.
మీటరు ముప్పై రెండు చూపిస్తోంది,
ఊపిరి మాత్రం అరుగు మీద కూర్చున్నట్టుంది.
చెవుల్లో హోరు లేదు.
గొలుసు తిరిగే సన్నటి సద్దు, చక్రం కింద తారు,
కావలి దగ్గర ఎవరిదో కోడి,
అంతే.
ఏడాదిగా చేసిన సాధన ఇవాళ పండిందనుకున్నాను.
ఉలవపాడులో మామిడికాయల గంపలు సర్దేవాళ్ళు
తలెత్తేలోపు దాటిపోయాను.
ఎనిమిదింటికి ఒంగోల్లో ఇడ్లీ ముందు కూర్చుని
ఇరవై నిమిషాల తర్వాత వచ్చిన పెద్దాయన్ని చూసి
నవ్వాను కూడా.

"వెనకనించి తోసేవాడు పేరు చెప్పడు," అన్నాడాయన
ఇంకాస్త చట్నీ వేయించుకుంటూ.

సైకిళ్ళు దక్షిణానికి తిప్పాం.

టంగుటూరు దగ్గర గాలి మొదటిసారి నోరు తెరిచింది.
పెట్రోలు బంకు జెండాలన్నీ మా మొహాల కేసి చూస్తున్నాయి.
చెవుల పక్కన ఎవరో గోనెసంచులు చింపుతున్నారు,
ఆపకుండా.
మీటరు పదిహేను. పదమూడు.
దిగువకి పోతూ కూడా తొక్కాల్సొచ్చింది.
చీమకుర్తి రాయి మోసుకొచ్చిన లారీ ఒకటి
పక్కనించి పోయినప్పుడు
దాని వెనక అరనిమిషం లోకం నిమ్మళించింది.
తలుపు తీసి
మొహమ్మీదే వేసేసినట్టు
మళ్ళీ అదే గాలి.

"దాంతో పోట్లాడబాక. వొంగు.
నా వెనక చక్రాన్నే చూడు, దారిని చూడబాక."
అలా అని ముందుకొచ్చాడు, అరవై రెండేళ్ళ మనిషి.

ఆయన వీపు ఎంత ఉంటుంది?
ఒక కిటికీ రెక్కంత.
దాని వెనక హోరు సగానికి తగ్గింది.
సింగరాయకొండ, గుడ్లూరు అడ్డరోడ్డు, కావలి.
చొక్కా మీద చెమట ఆరి తెల్లటి గీతలు కట్టింది,
ఒకదాని మీద ఒకటి,
అలలు వెనక్కి పోయాక ఇసకలో మిగిలే గీతల్లాగ.
నేను లెక్కపెడుతూ వచ్చాను. వేరే పని లేదు నాకు.

కావలి దాటాక హైవే వదిలేశాం,
సరుగుడు తోటలు కాస్త అడ్డముంటాయని.
తోటలు అయిపోయిన చోట ఇసకపల్లి ఉప్పుమడులు.
నీళ్ళు అడిగితే వెంగమ్మ బిందె వంచి పోసింది.
పాడుగాలి, అన్నాను మూతి తుడుచుకుంటూ.
ఆమె చేతిలో పలక అలాగే ఆగింది.
"అట్టనబాక నాయనా.
నాలుగు దినాలుగా దీనికోసరమే కాసుకోనుండాం.
ఇది తోలితేగదా ఉప్పు పేరేది!"

మడిలో నీటి మీద సన్నటి మీగడ కట్టింది నిజమే.
గాలి తోసినకొద్దీ ఒక గట్టుకి చేరుతోంది.
చూశాను. నమ్మాను.
అయినా అల్లూరు దాకా
ఆ గాలిని తిడుతూనే తొక్కాను.

నెల్లూరు చేరేసరికి ఏడున్నర.
పెన్న వంతెన మీద ఆకు కదల్లేదు.
పోను నాలుగు గంటలు, రాను పదకొండు.
బిల్లులో అయితే తప్పని కొట్టేసేవాణ్ణి.

టీ కొట్టు లైటు కింద ఆయన టోపీ తీశాడు.
చొక్కా ముందువైపంతా ఎర్రటి దుమ్ము, పురుగులు,
ఎక్కడిదో ఒక పొగాకు పీచు.
నా చొక్కా కేసి చూసుకున్నాను.

ఇస్త్రీ మడత ఇంకా కనిపిస్తోంది.